తినేవాళ్ల కుర్చీ వెనకాల నిలబడేవాళ్లు

హోటళ్లలో, షాపుల్లో మీకు బాగా చిరాకు తెప్పించే అలవాటు ఏదని అడిగారు. నాకైతే ఆలోచించే పనే లేదు. తింటున్నవాళ్ల కుర్చీ వెనకాల వచ్చి నిలబడటం.

సంక్రాంతి ముందు హైదరాబాద్-విజయవాడ హైవే ఎట్లుంటుందో తెలిసిందే. పంతంగి టోల్‌గేటు దాటేసరికే ప్రాణం విసిగిపోతుంది. మొన్న పండక్కి అమ్మను తీసుకొని సూర్యాపేట పోతూ నార్కట్‌పల్లి దగ్గర ఒక హోటల్లో టిఫిన్‌కు ఆగాం. అమ్మకు డెబ్బై దాటాయి, పళ్లు సరిగా లేవు. ఇడ్లీని సాంబారులో బాగా నాననిచ్చి చెంచాతో కొంచెం కొంచెం తింటుంది. సగం కూడా కాకముందే ఒకాయన వచ్చి ఆమె కుర్చీ మీద చెయ్యేసి నిలబడ్డాడు. పక్కన భార్య, ఇద్దరు పిల్లలు. కాసేపటికి కారు తాళాలు తెచ్చి అమ్మ నీళ్ల గ్లాసు పక్కనే పెట్టాడు. నేను గుర్రుగా చూసినా తీయలేదు. పైగా "జర జల్ది కానియ్యి అవ్వా, పిల్లలు ఆకలంటున్రు" అన్నాడు. అమ్మ గబగబా రెండు చెంచాలు మింగి, ఒక ఇడ్లీ అట్లాగే వదిలేసి లేచింది. "పోనీ బిడ్డా, చిన్న పిల్లలున్నరు గదా" అని నన్నే సముదాయించింది. ఆమె చేయి కడుక్కొని వచ్చేలోపు ఆయన ఆ కుర్చీలో కూర్చున్నాడు.

ఈ అలవాటు పెళ్లి భోజనాల దగ్గర మొదలైందని నా గట్టి నమ్మకం. ఫంక్షన్ హాళ్లలో విస్తట్లో పెరుగు పడకముందే ప్రతి కుర్చీ వెనకాలా ఒక మనిషి ఉంటాడు. అదే మర్యాద అనుకొని పిల్లలు పెరుగుతున్నారు. హోటలువాళ్ల తప్పూ ఉంది. పండగ రోజుల్లో గుమ్మం దగ్గర ఒకరిని నిలబెట్టి వరసగా పేర్లు రాసుకుంటే ఈ గొడవే ఉండదు.

ఇక ప్లేట్లో చేయి కడిగేవాళ్లు. నల్లగొండ గడియారం సెంటర్ వైపు ఏ మెస్సుకైనా మధ్యాహ్నం పోయి చూడండి. నాలుగడుగుల్లో వాష్ బేసిన్ ఉంటుంది. అయినా గ్లాసెడు నీళ్లు ప్లేట్లోనే గుమ్మరించి, ఎముకలూ మెతుకులూ తేలుతుంటే లేచిపోతారు. ఆ నీళ్లు ఒలకకుండా ఎత్తుకుపోవాల్సింది టేబుళ్లు తుడిచే పిల్లవాడు. వాడి చొక్కా ముందుభాగం ఎప్పుడూ తడిగానే ఉంటుంది.

గద్వాల చీరల షాపుల్లోనూ ఇదే తీరు. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేసిన చీరలవి. వాటిని గుట్టగా విప్పించి, వీడియో కాల్లో అక్కకూ వదినకూ చూపించి, "మళ్లీ వస్తాం" అని లేస్తారు. కొనకపోతే తప్పులేదు. కానీ మడతలు పెట్టే ఆ అమ్మాయి ముఖం వైపు కూడా చూడకుండా పోవడం మాత్రం తప్పే.

షాపులవాళ్లను కూడా అనాలి. పది రూపాయల బిళ్ల ఇస్తే "నడవదు" అంటారు. తమ దగ్గర చిల్లర లేకపోతే మాత్రం మన చేతిలో చాక్లెట్ పెడతారు. 14 డిజైన్ల పది రూపాయల బిళ్లలూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించింది. మా వీధి కిరాణా షాపాయనకు ఆ ప్రకటన ఫోన్లో చూపించాను, అప్పటి నుంచి తీసుకుంటున్నాడు. మీరూ చూపించి చూడండి.