వ్యసనం నుంచి కోలుకోవడం గురించి సినిమాలు నిజంగా ఏమైనా నేర్పగలవా?

నేర్పగలవు, కోలుకోవడాన్ని ఒక్క సన్నివేశంలో తేల్చేయని సినిమాలైతే. 1962లో వచ్చిన ‘డేస్ ఆఫ్ వైన్ అండ్ రోజెస్’లో భార్యాభర్తలిద్దరూ తాగుడుకు బానిసలవుతారు, ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే సంఘం) సమావేశాల్లో తనలాంటివారి మధ్య కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పుకున్న భర్త క్రమంగా నిలదొక్కుకుంటాడు గానీ, తాను తాగుడుకు బానిసనని ఒప్పుకోలేని భార్య అక్కడే ఆగిపోతుంది. చివర్లో వెళ్లిపోతున్న ఆమెను అతను కిటికీలోంచి చూస్తుంటాడు. ఆ అద్దం మీద బార్ బోర్డు వెలుగు పడుతుంటుంది. ఎంత ప్రేమించినా ఒకరి బదులు మరొకరు మానలేరన్న బాధను ఇంత సూటిగా చూపిన దృశ్యాలు నాకు తెలిసి అరుదు.

ఒక్క జాగ్రత్త: ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవారు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు కనుక, ఆ పని వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి.