బడికి వెళ్లే రచయిత సంచిలో ఏముండాలి?

ప్రశ్న: నేను చెన్నైలోనే పుట్టి పెరిగిన తెలుగు కుటుంబానికి చెందినదాన్ని. పిల్లల కథలు రాస్తాను. పెరంబూరు వైపున్న ఒక పాఠశాలవారు వచ్చే నెల తమ విద్యార్థులకు ‘కథ రాయడం ఎలా’ అన్న అంశం మీద ప్రసంగించమని ఆహ్వానించారు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు రెండు వందల మందిని హాల్లో కూర్చోబెడతామని, నలభై అయిదు నిమిషాలు ఇస్తామని చెప్పారు. వారిలో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు గాని, వారికి తెలుగు రాయడం సరిగా రాదు. వారితో ఏం మాట్లాడాలి?
– ఒక కథారచయిత్రి, కొళత్తూరు

జవాబు: ప్రసంగం సిద్ధం చేసుకునే ముందు ఆ పాఠశాల ప్రధానోపాధ్యాయురాలితో ఒకసారి మాట్లాడండి. రెండు వందల మందికి ఉపన్యాసం ఇవ్వవచ్చు గాని, కథ రాయించడం సాధ్యం కాదు. ఒకే తరగతిలోని ముప్ఫై, నలభై మంది పిల్లలను, వరుసగా రెండు పీరియడ్లను అడగండి. మిగిలిన తరగతుల వారికోసం మరో రోజు వస్తానని మాట ఇవ్వండి. మర్యాదగా, కారణం వివరించి అడిగితే సాధారణంగా ఒప్పుకుంటారు.

నేను మొదటిసారి ఒక బడికి వెళ్లినప్పుడు కథావస్తువు, పాత్రలు, సంఘటన, ముగింపు అంటూ నల్లబల్ల మీద రాసి అరగంట సేపు వివరించాను. పిల్లలు ఎంతో క్రమశిక్షణతో విన్నారు, ఒక్క ప్రశ్నా అడగలేదు. చివరికి ఏడో తరగతి అమ్మాయి ఒకతె లేచి, ‘మీరు కథ ఒకేసారి రాసేస్తారా?’ అని అడిగింది. నా సంచిలో అదృష్టవశాత్తూ ఒక పాత నోటు పుస్తకం ఉంది. అందులో ఒక కథ మొదటి వాక్యాన్ని తొమ్మిదిసార్లు రాసి, ఎనిమిదిసార్లు కొట్టేసి ఉన్నాను. మొదట ఆ కథలో రాజుగారు ఉండేవారు. నాలుగో ప్రయత్నంలో రాజుగారు పోయి, 29సి బస్సులో చిల్లర లెక్కపెట్టుకుంటున్న కండక్టరు వచ్చాడు. ఆ పేజీని పిల్లలు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కొని చూశారు. రాజును ఎందుకు తీసేశారు, ఆయన ఎక్కడికి పోయాడు, కండక్టరుకు పేరు ఎందుకు లేదు అని మిగిలిన పది నిమిషాలూ ప్రశ్నలే. అందువల్ల మీరు అచ్చయిన పుస్తకాలతో పాటు, అంతకంటే ముఖ్యంగా, కొట్టివేతలతో నిండిన మీ చిత్తుప్రతులను తప్పక తీసుకువెళ్లండి. అచ్చు పుస్తకాన్ని చూసిన పిల్లవాడికి అది తనవల్ల కాని పని అనిపిస్తుంది. చిత్తుప్రతిని చూసినవాడికి అది తాను కూడా చేయగల పని అనిపిస్తుంది.

ఇక భాష విషయానికి వస్తాను, ఎందుకంటే చెన్నై బడుల్లో అసలు చిక్కు అక్కడే ఉంది. ఒక బడిలో పిల్లలను ఇంట్లో నిన్న జరిగిన సంగతి ఒకటి చెప్పమన్నాను. ఒక అబ్బాయి, ‘మా అవ్వ మిద్దె మింద వడియాలు పెడతా ఉండె, కాకి వచ్చి ఎత్తకపోయె, అవ్వ దాన్ని తిట్టకుండా ఇంకోటి పెట్టె’ అన్నాడు. అందులో మనిషి ఉంది, చోటు ఉంది, నష్టం ఉంది, ఎవరూ ఊహించని దయ ఉంది. కథకు ఇంతకంటే ఏం కావాలి? కానీ వెనుక బెంచీ దగ్గర నిలుచున్న టీచరుగారు మంచి ఉద్దేశంతోనే, ‘మేడ మీద వడియాలు పెడుతూ ఉండేది, అని చెప్పాలి’ అని సవరించారు. అబ్బాయి కూర్చున్నాడు, మళ్లీ నోరు తెరవలేదు. తరతరాలుగా ఈ నగరంలో ఉంటున్న కుటుంబాల తెలుగుకు తనదైన యాస ఉంది, దానిలో అరవ మాటలూ కలుస్తాయి. కథ చెప్పేటప్పుడు ఆ మాట తప్పు కాదని పిల్లలకు మీరే మొదట చెప్పాలి. వీలైతే మీరు కూడా మీ ఇంటి తెలుగులోనే మొదలుపెట్టాలి. సవరణలు అవసరమే, కానీ కథ పూర్తయిన తరువాత.

రాయడం రాని పిల్లల చేత ఎలా రాయించాలన్నది తరువాతి ప్రశ్న. పిల్లవాడు చెప్పిన వాక్యాన్ని, ఒక్క అక్షరం మార్చకుండా, మీరు బోర్డు మీద పెద్దగా తెలుగులో రాయండి. తన నోటి మాట తెలుగు అక్షరాల్లో కనిపించడం చాలామంది పిల్లలకు అదే మొదటిసారి అవుతుంది. తరువాత వారి నోటు పుస్తకాల్లో తమిళ లిపిలోనైనా సరే కథను రాసుకోమనండి. 2006లో వచ్చిన చట్టం ప్రకారం ఇక్కడి బడుల్లో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి చేస్తూ వచ్చారు కాబట్టి, ఆ లిపి వారికి బాగా వచ్చి ఉంటుంది. తమిళ లిపిలో తెలుగు కథ ఏమిటని కొందరు పెద్దలు నొచ్చుకుంటారు. వారి బాధ నాకు అర్థమవుతుంది, కానీ నా అనుభవం వేరు. తమిళంలో మన క, ఖ, గ, ఘ అనే నాలుగు అక్షరాలకూ ఒకటే అక్షరం ఉంది. పిల్లవాడు ‘గాలి’ అని రాసినా, ‘కాలి’ అని రాసినా ఒకటే రూపం వస్తుంది. తన కథను పక్కవాడు ‘కాలి వీచింది’ అని చదివితే వాడికి కోపం వస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో బోర్డు మీద ‘గ’ రాసి చూపించండి. అవసరం పడి నేర్చుకున్న ఆ అక్షరాన్ని వాడు మరచిపోడు.

అభ్యాసం ఒకటి కావాలంటే, దూరం వెతకనక్కరలేదు. 1947 జూలైలో ఈ ఊళ్లోనే మొదలైన ‘చందమామ’లో ఫోటో వ్యాఖ్యల పోటీ ఉండేది: రెండు ఫోటోలు ఇచ్చి, రెండింటికీ పొందికగా కుదిరే చిన్న వ్యాఖ్యలు పంపమనేవారు. కోయంబేడు మార్కెట్టులో పూల బుట్ట ఫోటో ఒకటి, మెరీనా తీరంలో ఆరబెట్టిన వల ఫోటో ఒకటి తీసుకువెళ్లి, రెండింటినీ కలిపే నాలుగు మాటలు అడిగి చూడండి. నాలుగు మాటలే గనుక రాయడానికి భయపడే పిల్లలు కూడా ముందుకు వస్తారు.

ప్రశ్న: బడులకు వెళ్లినప్పుడు పారితోషికం అడగవచ్చునా? పుస్తకాలు అమ్ముకోవచ్చునా?
– ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: దారిఖర్చులు, తగిన పారితోషికం ముందుగానే మాట్లాడుకోండి, అది మీ పని విలువ. స్థోమత లేని ప్రభుత్వ పాఠశాలకు ఉచితంగా వెళ్లాలా అన్నది మీ ఇష్టం, నేనైతే వెళతాను. పుస్తకాలను మాత్రం తరగతి గదిలో అమ్మవద్దు. కొనలేని పిల్లలు అక్కడే కూర్చుని ఉంటారు. గ్రంథాలయానికి రెండు ప్రతులు ఇచ్చి రండి.

ప్రశ్న: మా పాఠశాలకు ఒక బాలసాహిత్య రచయిత రాబోతున్నారు. ముందుగా పిల్లలను ఎలా సిద్ధం చేయాలి? ఆయన వెళ్లిపోయాక ఏం చేయాలి?
– ఒక తెలుగు ఉపాధ్యాయురాలు, వ్యాసర్పాడి

జవాబు: స్వాగత గీతం, పుష్పగుచ్ఛం, శాలువా వంటి ఏర్పాట్లకు పెట్టే సమయంలో సగం ఆయన కథ ఒకటి బిగ్గరగా చదివి వినిపించడానికి కేటాయించండి. కథ తెలిసిన పిల్లలు వేసే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. ప్రశ్నలు మీరు రాసి ఇవ్వవద్దు. ‘మీకు స్ఫూర్తి ఎవరు’ అని పదిమంది వరుసగా అడగడం కంటే, ‘ఆ మేకపిల్లను ఎందుకు చంపేశారు’ అని ఒక్కరు అడగడం మేలు. పుస్తకాలు దొరకడం లేదనే ఇబ్బంది ఉంటే, చెన్నైలోని తూలిక ప్రచురణల ద్విభాషా పుస్తకాల్లో తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కనే ఉన్నవి చూడండి. బెంగళూరుకు చెందిన ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు, అచ్చు వేసుకోనూ వచ్చు.

మన మద్రాసు నుంచే 1945లో ‘బాల’ పత్రికను ప్రారంభించిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు (రేడియో అన్నయ్య, అక్కయ్య), పిల్లల రేడియో కార్యక్రమంలో మైకు ముందుకు పిల్లలనే తీసుకువచ్చారు. ఆ పద్ధతినే అనుసరించి, రచయిత వెళ్లిన మరునాడే తరగతి గోడ మీద ఒక గోడపత్రిక మొదలుపెట్టండి. చార్టు కాగితం, స్కెచ్ పెన్నులు, జిగురు ఉంటే చాలు. ఎవరి కథ బాగుందో నిర్ణయించి అతికించే పని మీరు చేయవద్దు, బహుమతులూ పెట్టవద్దు. రాసిన ప్రతి పిల్లకూ చోటు ఉండాలి. అక్షరదోషాలను ఎర్ర సిరాతో దిద్దకుండా, పక్కనే కూర్చుని పిల్లల చేతనే తిరగరాయించండి. చిత్తుప్రతిని మాత్రం పారేయనివ్వకండి, శుద్ధప్రతి కింద దాన్ని కూడా అతికించండి. నెల తరువాత ఆ కాగితాల్లో కొన్నింటిని రచయితకు తపాలాలో పంపండి. ఆయన జవాబు రాస్తే, అది కూడా ఆ గోడ మీదకే వెళ్లాలి.