పెద్ద ఎలక్ట్రానిక్స్ కంపెనీలు కనిపెట్టినవాటిలో మన ఊళ్ల దాకా వచ్చింది ఏది?

అడిగిన తమ్ముడు ఇంజినీరింగ్ చదువుతున్నట్టున్నాడు. పెద్ద కంపెనీలు తీసుకునే పేటెంట్ల గురించి ఎక్కడో చదివి, "వీటిలో పాలమూరు లాంటి చోట మామూలు మనిషి బతుకులోకి వచ్చింది ఒక్కటైనా ఉందా?" అని అడిగాడు. చివర్లో ఇంకో ముక్క తగిలించాడు: తాత గొంతు ఉన్న పాత క్యాసెట్లు ఇంట్లో ఉన్నాయట, ఇప్పుడు వినొచ్చా అని. మొదటి ప్రశ్నకు జవాబు రెండో ప్రశ్నలోనే ఉంది తమ్ముడూ.

నేను మహబూబ్‌నగర్‌లో టీవీలు, టేపులు బాగుచేసే మనిషిని. 1990లో పదో తరగతి తప్పి, క్లాక్ టవర్ దగ్గర ఒక చిన్న షాపులో ఉస్తాద్ కింద చేరిన. అప్పటి నుంచి ఇదే పని. కంపెనీలన్నీ నాకు వెనక మూత విప్పిన వైపు నుంచే తెలుసు. అటు నుంచి చూస్తే నా ఓటు ఫిలిప్స్‌కు.

అది హాలెండ్‌లో ఐండ్‌హోవెన్ అనే ఊళ్లో 1891లో బల్బుల ఫ్యాక్టరీగా మొదలైన కంపెనీ. 1914లో సొంత పరిశోధనశాల పెట్టుకుంది, దాన్ని నాట్‌ల్యాబ్ అనేవాళ్లు. 1926లో అక్కడి బెర్నార్డ్ టెలిగెన్ వాల్వులో, అంటే పాత రేడియోల్లో సిగ్నల్ పెంచే గాజు బుడ్డిలో, ఐదో ఎలక్ట్రోడ్ పెట్టి పెంటోడ్ తయారుచేశాడు. మా ఉస్తాద్ షాపులో ఒక మూల పాత వాల్వు రేడియో ఉండేది. ఆన్ చేస్తే కాసేపు ఉలకదు పలకదు, లోపల గాజు బుడ్లు ఎర్రబడ్డాకే గొంతు విప్పేది. అందులో గొంతు పెంచే ఈఎల్84 బుడ్డి పెంటోడే. కానీ రేడియో మా ఇంటిది కాదు. మా ఇంట్లోకి వచ్చింది క్యాసెట్.

నిజానికి క్యాసెట్ ఆ ల్యాబులో పుట్టలేదు. బెల్జియంలో హాసెల్ట్ అనే ఊళ్లో ఫిలిప్స్‌కు ఒక ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ లౌ ఓటెన్స్ అనే ఇంజినీరు, ఆయన బృందం చేశారు. అప్పటి టేపు రికార్డర్లంటే పెద్ద పెద్ద చక్రాలు, రీలు చేత్తో ఎక్కించాలి. ఓటెన్స్ ఒక చెక్క ముక్క చెక్కించుకుని కోటు జేబులో పెట్టి చూసుకున్నాడట, యంత్రం ఇంతకు మించొద్దని. తర్వాత ఆ చెక్క ముక్క ఏమైందంటే, ఎక్కడో కారు టైరు పంక్చరైతే జాకీ కింద పెట్టి మర్చిపోయి వచ్చేశాడట! మ్యూజియంలో ఉండాల్సిన ముక్క. మెకానిక్‌లందరి బతుకూ ఇట్లాంటిదే. 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో క్యాసెట్‌ను బయటపెట్టారు.

ఇక మా ఇంటి సంగతి. మా ఊరు దేవరకద్ర దగ్గర. 1984 ప్రాంతంలో మా నాయిన గుంపు మేస్త్రీ వెంట బొంబాయి వైపు మట్టిపనికి పోయిండు. అమ్మకు చదువు రాదు. నాయిన కూడా పక్కవాళ్లతో రాయించి పంపే ఉత్తరం, ఇక్కడ బడి పంతులుతోనో పోస్ట్‌మన్‌తోనో చదివించుకోవాలి. అంటే మా ఇంటి అప్పు ఎంతో, ఎవరితో గొడవైందో ఊరందరికీ తెలుస్తది. అందుకే ఉత్తరాల్లో "అందరం క్షేమం" తప్ప ఏమీ ఉండేది కాదు.

ఒకసారి కురుమూర్తి జాతరకు వచ్చినవాళ్ల చేతిలో నాయిన ఒక క్యాసెట్ పంపిండు. సి-60, పక్కకు అరగంట. అక్కడ గుడిసెల్లో ఎవరిదో టేపు ఉంటే అందులో మాట్లాడిండు. ఇక్కడ మా పక్కింటి పెదనాయిన దగ్గర రేడియో, టేపు కలిసున్న టూ-ఇన్-వన్ ఉండె. అక్కడి టేపు, ఇక్కడి టూ-ఇన్-వన్ వేర్వేరు కంపెనీలవి. వేస్తే పలికింది. అప్పుడు నాకది వింత అనిపించలేదు, ఇప్పుడు అనిపిస్తది.

అమ్మ టేపుకు చెవి ఆనించి కూర్చుంది. "వాన పడ్డదా, కందులు ఏసిన్రా, పిల్లగాన్ని బడి మాన్పియ్యకు" అని నాయిన చెప్పుకుంటూ పోతుండు. ఆయన బాగున్నానే అన్నడు. అమ్మ మాత్రం, "గొంతు గట్ల బొంగురు వోయిందేంది, దగ్గు వట్టినట్టున్నది, చెప్పుతలేడు" అన్నది. అదే నిజం, నెలరోజులు పనికి పోలేకపోయిండంట. ఏ ఉత్తరంలో రాయిస్తే తెలుస్తది అది? క్యాసెట్ తిప్పి రెండో పక్క అమ్మ మాట్లాడి పంపింది. అట్లా ఒకే క్యాసెట్ నాలుగైదు సార్లు బొంబాయికి పోయి వచ్చింది.

ఆ క్యాసెట్‌ను నేను పాడుచేసిన. పదేండ్ల పోరణ్ణి, రేడియోలో నచ్చిన పాటొస్తే ఎర్ర బటను, ప్లే బటను కలిపి నొక్కిన. అందులో ఉన్నది నాయిన కొత్తగా పంపిన మాటలు. ఒక పాట, ఆ వెంట ఇంకో పాట. నేను ఆపే సరికి ఎనిమిది తొమ్మిది నిమిషాలు పోయినయ్. ఇప్పటికీ ఆ పక్క వేస్తే పాట సగంలో ఆగి, "...వానికి చెప్పు, నీళ్లు గట్టినంక ఇయ్యమను" అని నాయిన గొంతు మొదలైతది. ఎవరికి చెప్పమన్నడో, ఏం ఇయ్యమన్నడో మాకు తెల్వలేదు. అమ్మ కొట్టలేదు. "ఊకో, మళ్ల పంపుతడు తియ్" అన్నది.

ఆరేండ్ల తర్వాత షాపులో చేరిన వారానికే ఉస్తాద్ ఒక క్యాసెట్ చేతికిచ్చి, "ఈ వెనక అంచు చూడు బేటా, రెండు మూలల రెండు చిన్న ముక్కలు" అన్నడు. ఆ ముక్క విరగ్గొడితే అక్కడ చిన్న గుంత పడుతది. టేపు లోపల ఒక సన్న పుల్ల లాంటి లివర్ ఆ గుంతలోకి దిగి, రికార్డు బటనును కిందికి పోనియ్యదు. పాటల క్యాసెట్లు ఆ ముక్కలు లేకుండానే వస్తయ్. అవసరమైతే గుంత మీద సెలోటేపు ముక్క అంటిస్తే మళ్లీ రికార్డవుతది. పైసా ఖర్చు లేని తాళం. అది నాకు ఆరేండ్లు ముందు తెలిసి ఉంటే బాగుండె. రికార్డు నొక్కితే రీలు ముందు ఎరేజ్ హెడ్ మీదుగా పోయి, ఆ తర్వాతే రికార్డింగ్ హెడ్ దగ్గరికొస్తది. కొత్తది ఎక్కకముందే పాతది తుడుచుకుపోతది.

క్యాసెట్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది కొలత. రీలు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, నడిచే వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు. సగం వెడల్పు ఏ పక్కకు, మిగతా సగం బీ పక్కకు. స్టీరియో వచ్చినప్పుడు ఆ సగాన్నే మళ్లీ రెండు చేశారు. కుడి ఎడమ రెండూ పక్కపక్కనే ఉండేటట్టు పెట్టారు కాబట్టి, ఒక్క స్పీకరు పాత టేపులో వేసినా రెండూ కలిసి పలుకుతయ్. పాత టేపు ఉన్న పేదోడు కొత్త క్యాసెట్ కొనుక్కోవచ్చు. ఇంకో పెద్ద సంగతి, జపాన్ సోనీ ఒత్తిడి చేయడంతో 1960ల నడుమ ఫిలిప్స్ దీన్ని వేరే కంపెనీలకు రాయల్టీ లేకుండా ఇచ్చింది. షరతు ఒక్కటే: కొలతలు మార్చొద్దు. ఆ షరతు లేకపోతే బొంబాయి గుడిసెలోని టేపులో ఎక్కించిన మాట దేవరకద్ర పక్కన ఊళ్లో పెదనాయిన టూ-ఇన్-వన్‌లో పలికేది కాదు. వేల పేటెంట్ల లెక్క కంటే నాకు ఈ ఒక్క ఒప్పందం పెద్దది.

సీడీ గురించి తక్కువే చెప్తా, మా దగ్గర దాని ఆయుష్షు తక్కువ. ఫిలిప్స్, సోనీ కలిసి చేశాయి, 1982లో జపాన్‌లో అమ్మకానికొచ్చింది. అదీ ఒకే కొలత: 12 సెంటీమీటర్ల బిళ్ల, సెకనుకు 44,100 సార్లు కొలిచిన శబ్దం. పాటను ముక్కలు చేసి దూరదూరంగా చల్లి రాస్తారు కాబట్టి రెండు మిల్లీమీటర్ల గీత పడ్డా లెక్క కట్టి పూడ్చుకుంటది. అందుకే సీడీ తుడిచేటప్పుడు నడిమధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత ట్రాక్ వెంటే పోయి, పూడ్చుకునే సందు ఇయ్యదు. ఇది చెప్పీ చెప్పీ నా నోరు నొచ్చింది, ఒక్కరూ వినలేదు.

పేరు ఎవరికీ తెలియకుండా ఇంటింటికీ వచ్చింది ఇంకోటుంది: ఐ-స్క్వేర్డ్-సి, అంటే టీవీ లోపలి చిప్పులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి. సీడీ వచ్చిన 1982లోనే ఫిలిప్స్ చిప్పుల విభాగం చేసింది. అంతకుముందు టీవీ మూత తీస్తే స్క్రూడ్రైవర్‌తో తిప్పే ప్రీసెట్లు వరసగా ఉండేవి. బొమ్మ పొట్టిగుంటే ఒకటి, పక్కకు జరిగితే ఒకటి. ఒక చిప్పు నుంచి ఇంకో చిప్పుకు తీగలే తీగలు. వీళ్లు రెండే తీగలు చాలన్నారు: ఒకటి మాటకు, ఒకటి ఆ మాట లయ తప్పకుండా తాళం కొట్టడానికి. వాటి పేర్లు ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్. చానెల్ పట్టే ట్యూనరు, మెమరీ, బొమ్మ చిప్పు, సౌండు చిప్పు అన్నీ ఆ రెండింటికే వేలాడుతయ్. ఒక్కొక్క చిప్పుకు ఒక్కొక్క నంబరు, ఎవరి నంబరు పిలిస్తే వాడే పలకాలి.

2001 ప్రాంతంలో బాదేపల్లి పల్లీల వ్యాపారి ఒకాయన కలర్ టీవీ తెచ్చిండు. ఎర్ర లైటు వెలుగుతది, సెట్టు లేవదు. పవర్ సప్లై చూసిన, బాగుంది. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ మార్చిన, లాభం లేదు. మూడు రోజులు. ఆయన రోజూ ఫోన్ చేసి, "ఏమయ్యా, మా ఇంట్ల ఆడోళ్లు నన్ను తింటున్నరు" అంటుండు. సామాన్ల కోసం హైదరాబాద్ పోయినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో ఒక షాపాయనకు చెప్తే నవ్వి, "భాయ్, పహ్లే దో తార్ దేఖో" (ముందు ఆ రెండు తీగలు చూడు) అన్నడు.

వచ్చి మీటరు పెట్టిన. రెండు తీగలూ రెసిస్టర్ల మీదుగా ఐదు వోల్టులకు వేలాడి ఉండాలి. గుడి గంట తాడు లెక్క: ఎవరైనా లాగొచ్చు, వదిలేస్తే పైకి పోతది. ఎస్‌డీఏ మీద అర వోల్టు కూడా లేదు. అంటే ఎవడో ఒకడు తాడు పట్టుకుని వదుల్తలేడు, వాడు వదలకపోతే మిగతావాళ్ల మాట సాగదు. మెమరీ చిప్పు కాలు లేపిన, అట్లనే ఉంది. సౌండు చిప్పు, అట్లనే. ట్యూనర్ కాలు లేపంగనే ముల్లు ఐదుకు ఎగిరింది. ట్యూనర్ మార్చిన, బొమ్మ వచ్చింది. ఆ రోజు నుంచి లేవని టీవీ ఏది వచ్చినా మొదట ఆ రెండు తీగలే చూస్తున్నా. ఇప్పటి హెచ్‌డీఎంఐ వైరులో 15, 16 నంబరు పిన్నులు కూడా అవే రెండు తీగలు. "నేను ఈ సైజు టీవీని" అని సెట్‌టాప్ బాక్సుకు చెప్పేది వాటి మీదనే.

అన్నీ గెలిచినయ్ అనుకోకు. ఫిలిప్స్ 1979లో తెచ్చిన వీడియో 2000 అనే వీడియో క్యాసెట్ పద్ధతి, పోటీగా ఉన్న వీహెచ్‌ఎస్ ముందు నిలవలేదు. 1992లో తెచ్చిన డిజిటల్ క్యాసెట్ నాలుగేండ్లకే మూతపడ్డది. రెండూ నా బల్ల మీదికి ఒక్కసారి రాలేదు. చిప్పుల విభాగం 2006లో ఎన్‌ఎక్స్‌పీ పేరుతో విడిపోయింది. 1984లో ఇంకో కంపెనీతో కలిసి పెట్టిన ఏఎస్‌ఎంఎల్ చేసే యంత్రాలు లేకుండా ఇప్పుడు కొత్త ఫోన్లలో చిప్పులు అచ్చుపడవు. నువ్వు ఇంజినీరింగ్ పిల్లగానివి, ఆ కథ నాకంటే నీకే తెలియాలి.

ఇప్పుడు మీ తాత క్యాసెట్లు. బొమ్మల పెట్టెలోనో అటక మీదనో ఉంటే దించి ఒక రోజు ఇంట్లో గాలికి పెట్టు, ఎండకు పెట్టకు. లోపల కనిపించే రాగి రేకు మీద చిన్న ఉన్ని ముక్క ఉండాలి, అదే రీలును హెడ్‌కు ఒత్తేది. జిగురు ఎండి అది ఊడిపోతే గొంతు లోతు బావిలోంచి వచ్చినట్టుంటది. వేరే పనికిరాని క్యాసెట్ నుంచి ఆ రేకు తీసి పెట్టొచ్చు. టేపుకు బెల్టు కొత్తది వెయ్యించు, ముప్పై ఏండ్ల రబ్బరు సాగి ఉంటది, కొన్నిసార్లు తారు లెక్క కరిగి ఉంటది. హెడ్‌ను, రబ్బర్ రోలర్‌ను స్పిరిట్ అద్దిన దూదితో తుడువు. మొదట మీ తాతది కాకుండా ఏదో పాటల క్యాసెట్ వేసి రీలు నమలడం లేదని చూసుకో. తాతది పెన్సిల్‌తో చేత్తోనే అటూ ఇటూ ఒకసారి చుట్టు, అంటుకున్న చుట్లు వదుల్తయ్. ఒక్కసారి వేసినప్పుడే వైరుతో కంప్యూటర్‌లోకి ఎక్కించుకో, రెండోసారి రీలు తట్టుకుంటదని నమ్మకం పెట్టుకోకు.

వీటన్నిటికంటే ముందు, వెనక అంచున రెండు మూలలా ఉన్న ఆ చిన్న ముక్కలు విరగ్గొట్టు. ఇంట్లో పదేండ్ల పోరడు ఉన్నా లేకున్నా.