పాట పెట్టకండి, వాద్యం వినిపించండి

ఆరో తరగతి పిల్లలకు సంగీతం వినిపించి, విన్నదానితో అమూర్త కొలాజ్ (ఫలానా వస్తువని పోల్చుకోలేని విధంగా కాగితం ముక్కలు అంటించి కట్టే బొమ్మ) చేయించమని మీ పాఠశాలలో చెప్పారని, దానికి ఏ పాట బాగుంటుందో, గ్రేడు ఎలా వేయాలో చెప్పమని అడిగారు. హైదరాబాదులో ఇరవై రెండేళ్లుగా డ్రాయింగు మాస్టారుగా పనిచేస్తున్నవాడిగా నా జవాబు ఒక్కటే: ఏ పాటా పెట్టకండి. మాట ఉన్న సంగీతం ఈ పనికి అక్కరకు రాదు.

ఇది నేను చేయి కాల్చుకుని నేర్చుకున్న సంగతి. మొదటి ఏడాది ఒక వాన పాట వినిపించాను. నలభై మందిలో దాదాపు అందరూ గొడుగులు, మబ్బులు, పడవలు అంటించి తెచ్చారు. ఒక అమ్మాయి పకోడీల పళ్లెం కూడా అంటించింది. తప్పు వాళ్లది కాదు. వాన అన్న మాట చెవిన పడ్డాక చెయ్యి గొడుగు వైపే పోతుంది. 1911 జనవరిలో మ్యూనిక్‌లో స్వరకర్త షోన్‌బెర్గ్ కచేరీ విని వచ్చి, అమూర్త చిత్రకళకు ఆద్యుల్లో ఒకడైన కాండిన్‌స్కీ వేసిన చిత్రంలో పసుపు రంగు కాన్వాసును ముంచెత్తుతుంది గాని, నల్లటి పియానో, దాని ముందు చేరిన శ్రోతలు ఇంకా పోల్చుకోదగినట్టే ఉంటారు. అంతటివాడికే వస్తువు ఒక్కసారిగా వదలనప్పుడు, పదకొండేళ్ల పిల్లల చేతికి మనమే పాట పెట్టి మరీ వస్తువును అందించడం దేనికి?

ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ 1947లో వెలువరించిన ‘జాజ్’ అనే చిత్రాల పుస్తకాన్ని ఈ పాఠంలో చాలామంది చూపిస్తారు. రంగు పూసిన కాగితాన్ని కత్తెరతో కోసి బొమ్మ కట్టడానికి అంతకంటే మంచి ఉదాహరణ లేదు గాని, అందులోని ఇరవై చిత్రాల్లో ఎక్కువగా కనిపించేది సర్కస్; పేరు చూసి సంగీతం అనుకోకండి. మన దక్కనులో 16వ శతాబ్దం చివరికే వేసిన రాగమాల చిత్రాలంటే నాకు ప్రాణం. అయినా వాటిలో రాగం నాయికగానో నాయకుడిగానో కళ్ల ముందు నిలబడుతుంది కనుక, కొలాజ్ ముగిసిన తరువాతే వాటిని పిల్లలకు చూపిస్తాను.

రెండో ఏడాది మాటల్లేని రెండు తునకలు ఎంచుకున్నాను: మూడు నిమిషాల డప్పు, మూడు నిమిషాల మోహన రాగాలాపన, అదీ వేణువు మీద. రాగం పేరు పిల్లలకు చెప్పలేదు. కత్తెరలు కూడా ఇవ్వలేదు, ఎందుకంటే కత్తెర ఇస్తే పువ్వులు, హృదయాలు తప్ప మరొకటి బయటికి రాదు. పాత దినపత్రికలు, ఛత్తా బజార్‌లో పెళ్లిపత్రికలు అచ్చువేసే దుకాణాల నుండి అడిగి తెచ్చుకున్న కటింగ్ ముక్కలు బల్లల మీద పోశాను. దినపత్రికను పైనుండి కిందికి చింపితే దాదాపు నిటారుగా చిరుగుతుంది, అడ్డంగా చింపితే వంకరలు పోతుంది. కాగితంలో పోగులు ఒకే దిశలో పడుకుని ఉండడమే అందుకు కారణం. ఇది నేను చెప్పకముందే పిల్లలు కనిపెట్టారు. వేణువుకు నిలువుగానూ, డప్పుకు అడ్డంగానూ చింపడం మొదలుపెట్టారు.

ఆ తరగతిలో వెనుక బెంచీ పిల్లవాడొకడు ఉండేవాడు. వాళ్ల నాన్న బోనాలకు, పెళ్లిళ్లకు డప్పు కొట్టేవాడు. రెండుసార్లు వినిపించేదాకా ఆ పిల్లవాడు కాగితం ముట్టలేదు. మూడోసారి మొదలుకాగానే గోధుమరంగు అట్టకాగితాన్ని బొటనవేలంత ముక్కలుగా చింపి, డ్రాయింగు షీటు మీద రెండేసి, మూడేసి దగ్గరగా అంటించి, ఆ తరువాత బెత్తెడు ఖాళీ వదిలి, మళ్లీ మొదలుపెట్టాడు. గంట కొట్టేసరికి షీటులో సగానికి పైగా తెల్లగానే ఉంది. అప్పుడే అటుగా వచ్చిన ప్రధానోపాధ్యాయులవారు దాన్ని చూసి “ఇది పూర్తి చెయ్యలేదేం?” అన్నారు. నిజం చెప్పొద్దూ, నేనూ అదే అనుకున్నాను. పిల్లవాడు కొంచెం విసుగ్గానే, “అయిపోయింది సార్. దెబ్బకు దెబ్బకు నడుమ ఆగుతది గద, గా జాగ అది” అన్నాడు. నమ్మలేక మళ్లీ డప్పు వినిపించి, షీటు మీద వేలు నడిపించమన్నాను. ఎడమ అంచు నుండి వేలు ముక్కల మీద టకటకా పడుతూ, ఖాళీలో గాలిలోనే ఆగి, మూడో వరుస చివర ఒక్కచోట మాత్రం తప్పింది. అక్కడ ఒక ముక్క ఎక్కువైందని వాడే చెప్పి, గోటితో పీకేశాడు.

ఆ షీటును పాఠశాల ప్రదర్శనలో తలకిందులుగా వేలాడదీశారు. పైగా ప్రతి చిత్రం కింద ‘ఇది దేని బొమ్మ’ అని చీటీ అంటించి తీరాలన్నారు. ఈ చీటీల పిచ్చి మనకు ఎక్కడి నుండి వచ్చిందో గాని, వచ్చిన తల్లిదండ్రులు చీటీలు చదివి వెళ్లిపోయారు, కాగితం వైపు చూసినవాళ్లు నలుగురైదుగురికి మించి లేరు. ఇంటి నుండి చేసి తెమ్మంటే మరీ ఘోరం. మెరుపుల రిబ్బను, ముత్యాల అంచు, తల్లుల చక్కటి చేతిపని వస్తాయి, పిల్లవాడి చెవి మాత్రం రాదు. కాబట్టి పని మొత్తం తరగతిలోనే, రెండు పీరియడ్లు కలిపి తీసుకుని చేయించండి.

ఇక గ్రేడు సంగతి. అందంగా ఉందా లేదా అని చూడకండి. అదే సంగీతం మళ్లీ పెట్టి, ఒక్కొక్కరినీ పిలిచి తమ షీటు మీద వేలు నడిపించమనండి. ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముక్కలు కిక్కిరిశాయో, ఎక్కడ పలచబడ్డాయో చూపించగలిగినవారికి పై గ్రేడు వేయండి. నలభై మందికి ఒక పూట పడుతుంది, పడనివ్వండి. వేలు ఎటు పోవాలో తెలియక మీ ముఖం చూసేవారిని మాత్రం మరోసారి వినమని కూర్చోబెట్టండి, సున్నా వేయకండి.

జిగురుకు డబ్బాలకొద్దీ ఫెవికాల్ కొననక్కరలేదు, మైదాపిండి ఉడికించిన జిగురు చాలు. గోడపత్రికలు అంటించేవారు పురుగు పట్టకుండా అందులో మైలతుత్తం కలుపుతారు; అది విషం, పిల్లల చేతికి వద్దు. ఏ పూటకాపూటే ఉడికించుకుంటే సరిపోతుంది. మరొక్కటి, ముక్కలు పోసే ముందే పంకా ఆపేయండి. నేను మరిచిపోయిన రోజు ఛత్తా బజార్ బంగారు ముక్కలన్నీ లేచి పక్క తరగతి గణితం మాస్టారి నల్లబల్ల దాకా వెళ్లాయి. జూలై ఉక్కకు పిల్లలు గొణుగుతారు, అయినా జిగురు తడి ఆరేదాకా వేయకండి.