రెప్పల సర్జరీ: ఎంత తీయాలి, ఎంత ఉంచాలి

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. పై రెప్పల చర్మం సాగి వెంట్రుకల మీదకు వాలుతోంది. సాయంత్రానికి నుదురు బరువెక్కి లాగేస్తుంది. బ్లెఫరోప్లాస్టీ అనే రెప్పల సర్జరీ చేయించుకోమంటున్నారు. అందులో ఏం చేస్తారండీ?

జవాబు: ముందు వాలిందేమిటో తేలాలమ్మా. చూడ్డానికి ఒకేలా ఉండే ఇబ్బందులు మూడున్నాయి. చర్మం సాగడం ఒకటి. రెప్పను ఎత్తే కండరం సడలి రెప్ప అంచే కిందికి దిగడం రెండోది, దీన్ని టోసిస్ అంటారు. కనుబొమ జారి చర్మాన్ని కిందికి నెట్టడం మూడోది. అద్దం ముందు నుదురు వదులుగా ఉంచి, వాలిన చర్మాన్ని వేలితో మెల్లగా ఎత్తి చూసుకోండి. రెప్ప అంచు నల్లగుడ్డును పైన ఒకటి రెండు మిల్లీమీటర్లే కప్పుతుంటే సమస్య చర్మానిదే. అంచు కంటిపాప దాకా దిగి ఉంటే టోసిస్ అనుకోవాలి. అప్పుడు చర్మం ఎంత కత్తిరించినా కన్ను విచ్చుకోదు, కండరాన్ని సరిచేయాలి.

మీ నుదురు బరువుకు కారణం, రోజంతా కనుబొమలు ఎత్తి పట్టుకుని చూడటం కావచ్చు. చర్మం తీసేశాక ఆ అవసరం ఉండదు కాబట్టి కనుబొమలు ఇంకాస్త దిగుతాయి. ఈ సంగతి ముందే లెక్కలో లేకపోతే, ఆపరేషన్ బాగా జరిగినా ‘మార్పేం లేదే’ అనిపిస్తుంది.

ఇక ఆపరేషన్. పడుకుంటే చర్మం జారిపోతుంది కనుక మీరు కూర్చుని ఉండగానే గీతలు గీస్తారు. కింది గీత సహజంగా ఉన్న మడతలోనే వస్తుంది. ఆడవాళ్లలో అది సాధారణంగా వెంట్రుకల వరసకు 8 నుంచి 10 మి.మీ. పైన ఉంటుంది, మగవాళ్లలో కాస్త తక్కువ. పై గీత ఎక్కడన్నది చిమటాతో చర్మాన్ని పట్టి చూసి తేలుస్తారు. వెంట్రుకలు కాస్త పైకి తిరిగితే చాలు. మూసిన కన్ను తెరుచుకుంటోందంటే పట్టింది ఎక్కువైనట్టే. కనుబొమ కింది అంచు నుంచి వెంట్రుకల దాకా సుమారు 20 మి.మీ. చర్మం మిగలాలి. సర్జన్ పనితనమంతా ఈ కొలతలోనే ఉంది. తక్కువ తీస్తే మళ్లీ తీయొచ్చు. ఎక్కువ తీస్తే నిద్రలో కన్ను పూర్తిగా మూతపడక నల్లగుడ్డు ఎండిపోతుంది.

రక్తస్రావాన్ని తగ్గించే అడ్రినలిన్ కలిపిన మత్తు ఇంజెక్షన్ రెప్పకే ఇస్తారు. చర్మం, అవసరమైతే సన్నటి కండరపు పట్టీ, ముక్కు వైపు ఉబ్బిన కొవ్వు తీస్తారు. చెవి వైపు ఉబ్బు కనిపిస్తే అది కొవ్వు కాకపోవచ్చు, కన్నీటి గ్రంథి జారి ఉండొచ్చు. దాన్ని కత్తిరించకూడదు. రెండు కళ్లకూ కలిపి గంట అటూ ఇటూ. కుట్లు 5 నుంచి 7 రోజులకు తీస్తారు.

ప్రశ్న: ఎన్నాళ్లకు మామూలుగా బయటికెళ్లొచ్చు?

జవాబు: వాపు రెండో రోజుకు బాగా పెరుగుతుంది. అది చూసి భయపడొద్దు. మొదటి 48 గంటలు మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి 15 నిమిషాల పాటు చల్లటి కాపడం పెట్టండి. ఐస్‌ను గుడ్డలో చుట్టాలి, నేరుగా పెట్టొద్దు. తల కింద రెండు దిండ్లు ఉండాలి. కమిలిన రంగు 10–14 రోజుల్లో పోతుంది. వంగి బరువులెత్తడం, వ్యాయామం, కాంటాక్ట్ లెన్సులు సుమారు రెండు వారాలు మానాలి. కోత గీత ఎరుపు తగ్గడానికి నెలలే పడుతుంది.

ఒక్కటి మాత్రం తెల్లారే దాకా ఆగకూడదు. మొదటి రోజుల్లో, ముఖ్యంగా తొలి 24 గంటల్లో, ఒక కన్ను భరించలేనంత నొప్పి పుట్టి, గట్టిపడి ముందుకు ఉబుకుతూ చూపు మసకబారితే, గుడ్డు వెనక రక్తం చేరుతోందని అనుమానించాలి. చాలా అరుదు, కానీ ఆలస్యమైతే చూపు పోతుంది. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: కళ్ల కింద సంచులూ, నల్లటి వలయాలూ ఉన్నాయి. రెండూ ఒకే ఆపరేషన్‌తో పోతాయా?

జవాబు: సంచులు తగ్గుతాయి, రంగు పోదు. ఉబ్బు నీడ వల్ల నల్లగా కనిపిస్తుంటే కాస్త మెరుగవుతుంది. గుడ్డు కింద కొవ్వు మూడు తిత్తుల్లో ఉంటుంది. చర్మం బిగువుగా ఉంటే రెప్ప లోపలి వైపు నుంచే వాటిని చేరుకోవచ్చు, బయట మచ్చ పడదు. ఇప్పుడు చాలామంది సర్జన్లు కొవ్వంతా తీసేయకుండా కింది గుంటలోకి సర్దుతారు. అంతా తీస్తే కన్ను గుంటపడి వయసు పెరిగినట్టుంటుంది. కింది రెప్ప వదులుగా ఉందేమో ముందే చూడాలి. రెప్పను కిందికి లాగి వదిలితే చటుక్కున గుడ్డుకు అతుక్కోవాలి. నెమ్మదిగా వెళ్తుంటే బయటి మూలను బిగించకుండా చర్మం తీయడం ప్రమాదం, రెప్ప బయటికి తిరగబడుతుంది.

ప్రశ్న: నాకు కళ్లు పొడిబారుతుంటాయి. ఆస్పిరిన్ వాడుతున్నాను. చేయించుకోవచ్చా?

జవాబు: రెండూ మొదటి రోజే సర్జన్‌కు చెప్పండి. కన్నీటి పరీక్షలో కాగితపు పట్టీ 5 నిమిషాల్లో 10 మి.మీ. దాకా తడవకపోతే జాగ్రత్త పడాలి: పొడిబారడానికి ముందు వైద్యం చేస్తారు, చర్మం ఇంకా తక్కువ తీస్తారు. ఆస్పిరిన్ మీ అంతట మీరు ఆపొద్దు. గుండెకు రాసిందైతే ఆ డాక్టరే చెప్పాలి. చేపనూనె మాత్రలూ, విటమిన్ ఇ కూడా రక్తస్రావాన్ని పెంచవచ్చు. చాలామంది వీటిని మందులుగా లెక్కేయరు, అందుకే చెప్పరు.

ప్రశ్న: ఆపరేషనై మూడు వారాలు. ఒక కన్ను చిన్నగా ఉంది. మళ్లీ చేయించుకోవాలా?

జవాబు: ఇప్పుడే వద్దు. వాపు రెండు వైపులా ఒకేలా దిగదు. ఆపరేషన్‌కు ముందు తీసిన ఫొటో పక్కన పెట్టి చూసుకోండి, తేడా అప్పుడే ఉండొచ్చు. కన్ను మూతపడకపోతే వెంటనే చూపించుకోవాలి గానీ, అందానికి సంబంధించిన దిద్దుబాటైతే మామూలుగా ఆరు నెలలు ఆగాకే.