తమ్ముడికి అంకారాలో మెటు సీటొచ్చింది, పంపొచ్చా?

మీ తమ్ముడికి టర్కీ రాజధాని అంకారాలోని మిడిల్ ఈస్ట్ టెక్నికల్ యూనివర్సిటీ(మెటు)లో ఎమ్మెస్ సీటొచ్చిందనీ, ప్రభుత్వ యూనివర్సిటీ అంటే ఎలా ఉంటుందో, గొడవలుంటాయేమోనని ఇంట్లో అమ్మగారు టెన్షన్ పడుతున్నారనీ రాశారు. నేను అక్కడ రెండేళ్లు చదివాను, క్యాంపస్ హాస్టల్లోనే ఉన్నాను. నిశ్చింతగా పంపండి. కోర్సులూ ల్యాబులూ ఎలాగూ వాళ్ల సైట్‌లో చూసుకుంటారు, అక్కడ బతుకు ఎలా ఉంటుందో నేను చెప్తాను.

మొదటి రోజు హాస్టల్ ఆఫీసులో తాళం ఇచ్చినాయన నన్ను 'హోజమ్' అన్నాడు. నన్నెవరో లెక్చరర్ అనుకున్నాడేమోనని కంగారుపడి, కాదండీ స్టూడెంట్‌ని అని చెప్పాను. ఆయన నవ్వి మళ్లీ హోజమ్ అనే పిలిచాడు. హోజా అంటే గురువు. ఆ క్యాంపస్‌లో బస్సు డ్రైవరూ, క్యాంటీన్లో వడ్డించే ఆవిడా, మొదటి ఏడాది కుర్రాడూ, ప్రొఫెసరూ అందరూ ఒకరికొకరు హోజమే. మా గోదావరి వైపు ముక్కూ మొహం తెలియని మనిషిని కూడా 'మాస్టారూ' అంటారు చూడండి, సరిగ్గా అలాగే. వారం తిరిగేసరికి నాకూ అలవాటైపోయింది. 'హోజమ్, బిర్ చాయ్' (బిర్ అంటే ఒకటి) అంటే చాలు, నడుము సన్నగా ఉండే చిన్న గాజు గ్లాసులో పాలు లేని ఎర్రటి టీ వచ్చేస్తుంది. అన్నట్టు వాళ్లకీ టీ అంటే చాయే.

ఇక చరిత్ర. 1956లో మొదలైంది. టర్కీకీ చుట్టుపక్కల దేశాలకీ ఇంజినీర్లనూ ఆర్కిటెక్టులనూ తయారు చేయాలన్నది ఉద్దేశం, అందుకే ఆ పేరు, అందుకే మొదటి నుంచీ చదువంతా ఇంగ్లీషులోనే. మొదట్లో సొంత చోటు కూడా లేదు, కొన్నాళ్లు పార్లమెంటు దగ్గర బ్యారక్‌లలో క్లాసులు నడిపారు. 1963లో ఊరి బయట ఇప్పటి క్యాంపస్‌కి మారారు. బెహ్రూజ్ చినీజీ, ఆల్టూ చినీజీ అనే ఆర్కిటెక్టు దంపతులు దాన్ని డిజైన్ చేశారు. సున్నం, రంగు లేని పచ్చి కాంక్రీటు గోడలు. మొదట చూసి, ఇదేమిటి ఇంకా కట్టడం పూర్తి కాలేదా అనుకున్నాను. తర్వాత ఆ ఆర్కిటెక్చర్ బిల్డింగ్ మెట్ల మీద కూర్చోకపోతే సాయంత్రం గడిచేది కాదు నాకు.

అసలు సంగతి అడవి. క్యాంపస్ మొత్తం దాదాపు 4,500 హెక్టార్లు, అందులో 3,000 హెక్టార్లకు పైగా అడవే, దాంతోపాటు ఎయ్‌మిర్ అనే చెరువు. 1960 ప్రాంతంలో అక్కడ ఒక్క చెట్టు ఉండేది కాదట, అంతా ఎండిపోయిన మెట్ట. 1961లో రెక్టార్‌గా, అంటే మన వైస్ ఛాన్సలర్ లాంటి పదవిలోకి, వచ్చిన కెమాల్ కుర్దాష్, అంతకుముందు దేశానికి ఆర్థిక మంత్రిగా చేసినాయన, మొక్కలు నాటడం పట్టుకున్నాడు, విద్యార్థులనూ స్టాఫునూ అందరినీ దించాడు. 1995లో ఆ అడవికి ఆగాఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డు వచ్చింది.

ఇది నాకు పుస్తకంలో తెలిసింది కాదు. మెయిన్ గేటు నుంచి లోపలికి చాలా దూరం, బస్సు మిస్సయితే రోడ్డు పక్కన నిలబడితే లోపలికి వెళ్లే కార్లు ఆపి ఎక్కించుకుంటాయి, అక్కడ అది మామూలే. ఒకరోజు డెబ్భై దాటిన పెద్దాయన ఎక్కించుకున్నారు, పాత విద్యార్థట. దారిలో కారు స్లో చేసి, అద్దం దించి, పైన్ చెట్ల వరస ఒకటి చూపించి 'అవి మేం నాటినవి, గడ్డపార దిగేది కాదు, చేతులు బొబ్బలెక్కాయి' అన్నారు. చెప్తూ అరచెయ్యి తిప్పి చూసుకున్నారు, బొబ్బలు ఇంకా ఉన్నట్టు. 2013 అక్టోబర్లో రోడ్డు కోసం నగరపాలక సంస్థ రాత్రికి రాత్రి ఆ అడవిలో చెట్లు కొట్టేస్తే ఊరు ఊరంతా ఎందుకంత మండిపడిందో నాకు ఆ కారులో అర్థమైంది.

అమ్మగారు గొడవల గురించి అడిగారన్నారు కదా. ఉన్న మాట చెప్పాలి. ఇది రాజకీయాలు గట్టిగా మాట్లాడుకునే క్యాంపస్. 1969 జనవరిలో రెక్టార్‌ని కలవడానికి వచ్చిన అమెరికా రాయబారి రాబర్ట్ కోమర్ కారును విద్యార్థులు ఈ క్యాంపస్‌లోనే తగలబెట్టారు. స్టేడియం మెట్ల మీద 1968లో పెద్ద అక్షరాలతో రాసిన 'దెవ్రిమ్', అంటే విప్లవం, ఇప్పటికీ ఉంది. స్నాతకోత్సవం ఆ అక్షరాల ముందు జరుపుకోవడం ఆనవాయితీ, పిల్లలు సొంతంగా రాసుకున్న అట్టలు, బ్యానర్లు పట్టుకుని నడుస్తారు. ఏదైనా నిరసన ఉందంటే క్యాంపస్ అంతా ముందే తెలిసిపోతుంది. విదేశీ విద్యార్థి దూరంగా ఉంటే సరిపోతుంది, నేనలాగే చేశాను, రెండేళ్లలో నన్ను ఎవరూ ఒక్క మాటన్నది లేదు. చదువు విషయంలో మాత్రం నిజంగానే గట్టి చోటు, మిడ్‌టర్మ్‌ల ముందు లైబ్రరీలో పొద్దున్నే వెళ్తేనే కుర్చీ. టర్కీకి మొట్టమొదటి ఇంటర్నెట్ కనెక్షన్ 1993 ఏప్రిల్ 12న వచ్చింది ఈ క్యాంపస్‌కే.

తిండి మొదటి నెల చప్పగా అనిపిస్తుంది. పప్పు సూపు దొరుకుతుంది, అన్నం దొరుకుతుంది, కారం మాత్రం మన కారం కాదు. రెండు కిలోల ఆవకాయ, కందిపొడి గట్టిగా ప్యాక్ చేసి పంపండి. చలి బట్టలు మాత్రం ఇండియాలో కొనకండి, మంచులో జారని బూట్లు మన దగ్గర సరైనవి దొరకవు. వెళ్లిన వారంలోనే ఊరి మధ్యలో ఉండే కిజిలాయ్ వైపు వెళ్లి కొనుక్కోమనండి, మెట్రో యూనివర్సిటీ గేటు దగ్గరే ఆగుతుంది.