ప్రోగ్రాం తన చోటు తాను కనుక్కోవాలంటే

ప్రశ్న: అన్నా, మాది పాకాల. దామలచెరువు మామిడి మండీలో తూకం చీటీల కోసం లినక్స్‌లో, సీ ప్లస్ ప్లస్‌తో ఒక ప్రోగ్రాం రాశాను. టెర్మినల్‌లో నడిపితే బాగానే ఉంది. చెప్పిన టైముకు ప్రోగ్రాంలను నడిపే క్రాన్‌లో పెడితే మాత్రం ధరల ఫైలు దొరకలేదంటోంది. ఫైలేమో ప్రోగ్రాం పక్కనే ఉంది. తను ఏ ఫోల్డర్‌లో ఉందో ప్రోగ్రాం ఎలా తెలుసుకుంటుంది?

జవాబు: తమ్ముడూ, నువ్వు కోడ్‌లో ఫైలు పేరు ఒక్కటే రాసుంటావు. అప్పుడు సిస్టం ప్రోగ్రాం ఉన్న చోట వెతకదు, ఆ ప్రాసెస్ అప్పటికి ఏ ఫోల్డర్‌లో ఉంటే అక్కడ వెతుకుతుంది. టెర్మినల్‌లో నువ్వే ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి నడిపావు. క్రాన్ అయితే నీ హోమ్ ఫోల్డర్ నుంచి మొదలుపెడుతుంది.

దీనికి చాలామంది ఆర్గ్‌వీ సున్నాను (argv[0], అంటే మెయిన్‌కి అందే మొదటి ఆర్గ్యుమెంట్) పట్టుకుంటారు. తిరుపతిలో నాకు ప్రాజెక్టులు చూపించే పిల్లలూ అంతే. దయచేసి దాన్ని నమ్మొద్దు. అది ప్రోగ్రాంను మొదలుపెట్టినవాళ్లు ఇచ్చే పేరు, అంతే. షెల్ మామూలుగా నువ్వు టైపు చేసిందే ఇస్తుంది, అందులో ఫోల్డర్ లేకపోవచ్చు. కోడ్ నుంచే ప్రోగ్రాంను నడిపించే ఎగ్జెక్ కాల్‌తో పిలిచేవాళ్లు ఏ పేరైనా పెట్టొచ్చు.

అడగాల్సింది కెర్నల్‌ని, అంటే ప్రోగ్రాంలన్నిటినీ నడిపే లినక్స్ గుండెకాయని. లినక్స్‌లో /ప్రాక్/సెల్ఫ్/ఎక్స్ఈ (/proc/self/exe) అనే సింబాలిక్ లింక్, అంటే ఇంకో ఫైలును చూపించే ఫైలు, ఉంటుంది. దాన్ని రీడ్‌లింక్ ఫంక్షన్‌తో చదివితే ప్రోగ్రాం పూర్తి పాత్ వస్తుంది, చివర ఉన్న ప్రోగ్రాం పేరు తీసేస్తే నీకు కావాల్సిన ఫోల్డర్ మిగులుతుంది. రీడ్‌లింక్ పాత్ చివర, అది ముగిసిందని చెప్పే సున్నా బైట్ పెట్టదు, అది నువ్వే పెట్టుకోవాలి. సీ ప్లస్ ప్లస్ 17 వాడుతుంటే ఫైల్‌సిస్టం లైబ్రరీలోని రీడ్ సిమ్‌లింక్ వాడు, ఆ టెన్షన్ ఉండదు. ఇంకో సంగతి: ప్రోగ్రాం నడుస్తుండగా ఎవరైనా పాత ఫైలు తీసేసి కొత్త వెర్షన్ పెడితే, ఆ పాత్ చివర డిలీటెడ్ అని చేరుతుంది. అందుకే మొదలవగానే ఒకసారి చదివి దాచుకో.

రేపు మండీవాళ్లు విండోస్ కావాలంటే అక్కడ ఇదే పని చేసే గెట్ మాడ్యూల్ ఫైల్ నేమ్ ఫంక్షన్‌కి మొదటి ఆర్గ్యుమెంట్‌గా నల్ ఇవ్వు. 260 అక్షరాల బఫర్ చాలనుకోకు, పాత్ పొడవైతే తెగిపోతుంది.

అయితే ధరల ఫైలును ప్రోగ్రాం పక్కన పెట్టడమే నాకు నచ్చలేదు. సీజన్‌లో తోతాపురి ధర రోజూ మారుతుంది. ప్రోగ్రాంను పద్ధతిగా ఇన్‌స్టాల్ చేస్తే ఆ ఫోల్డర్‌లో రాయడానికి గుమాస్తాకు పర్మిషన్ ఉండదు. ధరలు, చీటీ నంబర్లు హోమ్ ఫోల్డర్‌లో ఉంచు. పక్కన చీటీ నమూనా, తెలుగు ఫాంట్ లాంటి మారనివి ఉంటే చాలు.